పాత కారు డ్యాష్‌బోర్డ్ లైట్లు వెలగట్లేదా? ఇంట్లోనే ఇలా మార్చుకోండి

ఫోన్ స్క్రీన్ ఎన్ని నిట్స్ బ్రైట్‌నెస్ ఇస్తుంది, డార్క్ మోడ్‌లో కళ్లకి ఎంత హాయిగా ఉంటుంది అని ఇక్కడ రోజూ మాట్లాడుకుంటూనే ఉంటాం. రాత్రి డ్రైవింగ్‌లో మన ప్రాణం ఆధారపడే డిస్‌ప్లే మాత్రం ఫోన్‌ది కాదు, స్టీరింగ్ వెనకాల ఉన్న మీటర్ బోర్డ్. పదిహేనేళ్లు దాటిన కార్లలో చాలావాటికి అది సగం చీకటిగానే ఉంటుంది. స్పీడో కనపడదు, ఏసీ నాబ్ ఎటు తిప్పామో తెలీదు, చాలామంది ఫోన్ టార్చ్ వేసి చూసుకుంటూ నడిపేస్తుంటారు.

నేనుండేది దమ్మపేటలో. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 అక్టోబర్ నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. చుట్టూ పామాయిల్ తోటలు, ఆ పైన అడవి. ఊరు దాటితే చాలాచోట్ల వీధి లైట్ ఉండదు. రాత్రిపూట హాస్పిటల్ పని పడితే సత్తుపల్లికో ఖమ్మానికో కారు తీయాల్సిందే. గెలల లోడుతో ట్రాక్టర్లు ఎదురొస్తుంటాయి, రోడ్డు మీద గేదెలు పడుకుని ఉంటాయి, అడవి పందులు అడ్డం పడతాయి. ఇలాంటి రోడ్డు మీద మీటర్ కోసం కళ్లు చిట్లించుకుంటూ కూర్చునే తీరిక ఉండదు.

నా దగ్గర 2006 మోడల్ చిన్న హ్యాచ్‌బ్యాక్ ఉంది. దాంట్లో ఏసీ కంట్రోల్ దగ్గర రెండు బల్బులు, మీటర్ బోర్డ్‌లో మూడు బల్బులు మార్చాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పని. కంపెనీ పేరు చెప్పక్కర్లేదు, ఎందుకంటే ఆ తరం చిన్న కార్లన్నిట్లో పద్ధతి దాదాపు ఒకటే. 1983 చివర్లో మొదలై 2014 జనవరి దాకా తయారైన మారుతి 800 నుంచి ఆ తర్వాతి కార్ల దాకా చాలావాటిలో లోపల ఉండేది చిన్న గాజు బల్బులే. స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందు తెలుసుకోవాల్సింది: డ్యాష్‌బోర్డ్‌లో లైట్లు రెండు రకాలు

మొదటి రకం బ్యాక్‌లైట్. పార్కింగ్ లైట్ స్విచ్ వేస్తే వెలిగేవి ఇవి. మీటర్ వెనకాల, ఏసీ నాబ్‌ల వెనకాల, గడియారం దగ్గర ఉంటాయి.

రెండో రకం వార్నింగ్ లైట్లు. ఇంజిన్ ఆయిల్, బ్యాటరీ, హ్యాండ్‌బ్రేక్, చెక్ ఇంజిన్ లాంటివి. వీటికి పార్కింగ్ స్విచ్‌తో సంబంధం లేదు.

బ్యాక్‌లైట్ పోతే మనకి తెలుస్తుంది, చీకటిగా ఉంటుంది కాబట్టి. వార్నింగ్ లైట్ పోతే తెలీదు. అసలు ప్రమాదం అక్కడే. ఆయిల్ లైట్ వెలగట్లేదంటే ఆయిల్ ప్రెషర్ బాగుందని అనుకుంటాం. బల్బే మాడిపోయి ఉంటే? ఆయిల్ ప్రెషర్ పడిపోయినా ఆ ఎర్ర లైట్ రాదు, ఇంజిన్ పట్టేసే దాకా మనం తొక్కుతూనే ఉంటాం. పది ఇరవై రూపాయల బల్బు వల్ల ఇంజిన్ బోరింగ్‌కి వచ్చే పరిస్థితి.

అందుకే బల్బుల పని మొదలెట్టే ముందు ఈ చిన్న టెస్ట్ చేయండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టండి. ఆయిల్, బ్యాటరీ లైట్లు రెండూ వెలగాలి. హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంటే అదీ వెలగాలి. ఇంజెక్షన్ ఇంజిన్ అయితే చెక్ ఇంజిన్ కూడా. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆయిల్, బ్యాటరీ, చెక్ ఇంజిన్ లైట్లు ఆరిపోవాలి. తాళం ఆన్ చేసినప్పుడు ఏది వెలగలేదో అది రాసి పెట్టుకోండి, విప్పినప్పుడు దాని సంగతీ చూడాలి.

అన్నీ ఒకేసారి పోయాయా? అయితే కారు వెనక్కి వెళ్లి చూడండి

బల్బులన్నీ ఒకే రోజు మాడిపోవు. మీటర్, ఏసీ ప్యానెల్, గడియారం అన్నీ ఒక్కసారే చీకటైతే బల్బుల జోలికి వెళ్లకండి. ముందు పార్కింగ్ స్విచ్ వేసి, దిగి వెనక్కి వెళ్లి టెయిల్ ల్యాంప్స్ వెలుగుతున్నాయో లేదో చూడండి.

చాలా కార్లలో డ్యాష్‌బోర్డ్ బ్యాక్‌లైట్, టెయిల్ ల్యాంప్స్, నంబర్ ప్లేట్ లైట్ ఒకే ఫ్యూజ్ మీద ఉంటాయి. ఫ్యూజ్ బాక్స్ మూత మీద 'టెయిల్' అని రాసి ఉండేది అదే. ఆ ఫ్యూజ్ పోతే మనకి కనపడేది డ్యాష్‌బోర్డ్ చీకటి మాత్రమే. హెడ్‌లైట్లు మామూలుగానే వెలుగుతుంటాయి. వెనకాల మాత్రం కారు పూర్తిగా చీకట్లో ఉంటుంది, వెనక వచ్చే లారీకి మనం ఉన్నామనే తెలీదు. అడవి రోడ్డు మీద ఇంతకంటే పెద్ద ప్రమాదం ఉండదు.

ఫ్యూజ్ పోతే మళ్లీ అదే ఆంపియర్ ఫ్యూజ్ వేయండి. రంగు కూడా చూసుకోండి: ఎరుపు 10, నీలం 15, పసుపు 20. వేయగానే మళ్లీ పోతే ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని అర్థం. అప్పుడు ఎలక్ట్రీషియన్ దగ్గరికే వెళ్లాలి. పెద్ద ఫ్యూజ్ వేయడం, సిగరెట్ కాగితం వెండి రేకు చుట్టడం లాంటివి చేస్తే ఫ్యూజ్ బదులు వైరింగ్ కాలుతుంది.

ఇంకో చిన్న విషయం. కొన్ని కార్లలో స్టీరింగ్ పక్కన డిమ్మర్ చక్రం ఉంటుంది. దుమ్ము తుడుస్తూ ఎవరైనా దాన్ని కిందికి తిప్పేసినా మీటర్ చీకటిగానే ఉంటుంది. ముందు దాన్ని పూర్తిగా పైకి తిప్పి చూడండి.

బల్బు ఎందుకు పోతుంది?

లోపల ఉండేది టంగ్‌స్టన్ తీగ. వెలిగిన ప్రతిసారీ అది కొద్దికొద్దిగా ఆవిరై గాజుకి లోపలివైపు అంటుకుంటుంది. పాత బల్బు నల్లగా కనపడేది అందుకే. చివరికి తీగ ఒకచోట సన్నబడి తెగిపోతుంది. అది మామూలు ముసలితనం.

కానీ కొత్తగా వేసిన బల్బులు కూడా నెలల్లోనే వరసగా పోతుంటే ఛార్జింగ్ వోల్టేజ్ అనుమానించాలి. ఇలాంటి బల్బుకి వోల్టేజ్ 5 శాతం పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెడితే మామూలుగా 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపించాలి. 15 దాటితే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ చూపించుకోవాలి. లేకపోతే బల్బులతో ఆగదు, బ్యాటరీ కూడా ఉడికిపోతుంది.

ఏ బల్బు కొనాలి?

షాపులో 'డ్యాష్‌బోర్డ్ బల్బు ఇవ్వండి' అంటే చేతికి ఏది దొరికితే అది ఇస్తారు. ముందు పాతది తీసి చూడటమే మంచిది. సాధారణంగా దొరికేవి ఇవి:

- టీ10: గాజు మందం దాదాపు 10 మిల్లీమీటర్లు. మీటర్ బ్యాక్‌లైట్‌కి ఎక్కువగా ఇదే. ఇందులోనే 3 వాట్లది డబ్ల్యూ3డబ్ల్యూ, 5 వాట్లది డబ్ల్యూ5డబ్ల్యూ.
- టీ5: దాదాపు 5 మిల్లీమీటర్లు. వార్నింగ్ లైట్లకి, ఏసీ కంట్రోల్‌కి ఎక్కువగా వాడతారు. 1.2 వాట్లది డబ్ల్యూ1.2డబ్ల్యూ.

వీటిని వెడ్జ్ బల్బులంటారు. ఇత్తడి క్యాప్ ఉండదు, గాజు అడుగు భాగమే చదునుగా ఉండి సాకెట్‌లోకి దూరుతుంది. కొన్నిటికి ప్లాస్టిక్ హోల్డర్ కూడా కలిసే వస్తుంది. అలాంటివైతే హోల్డర్‌తో సహా కొనాలి.

వోల్టులు, వాట్లు బల్బు మీద చాలా చిన్న అక్షరాల్లో ఉంటాయి. మన కళ్లకి ఆనవు. ఇక్కడ ఫోన్ పనికొస్తుంది. బల్బుని తెల్ల కాగితం మీద పెట్టి, మ్యాక్రో మోడ్‌లోనో 2ఎక్స్ జూమ్‌లోనో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి.

ముఖ్యమైన హెచ్చరిక: డబ్ల్యూ3డబ్ల్యూ, డబ్ల్యూ5డబ్ల్యూ రెండూ ఒకే సాకెట్‌లో పడతాయి. 'ఎక్కువ వెలుగొస్తుంది కదా' అని 3 వాట్ల చోట 5 వాట్లది వేస్తే వేడికి వెనకాల ప్లాస్టిక్ కరుగుతుంది, మీటర్ డయల్ మీద మచ్చ పడుతుంది. వాట్లు పెంచొద్దు.

పాత బల్బా, ఎల్ఈడీనా?

అందరూ అడిగేది ఇదే. వేడి తక్కువ, కరెంట్ తక్కువ, ఆయుష్షు ఎక్కువ కాబట్టి ఎల్ఈడీ బాగుంటుంది. కానీ అన్నిచోట్లా కాదు.

బ్యాటరీ వార్నింగ్ లైట్‌కి ఎల్ఈడీ వద్దు. మా ఊళ్లో ఆటో ఎలక్ట్రీషియన్ బల్బులు చూసి మొట్టమొదట అన్న మాట ఇది: "అన్నా, అన్నిటికీ ఎల్ఈడీ పెట్టుకో, ఛార్జింగ్ లైట్‌కి మాత్రం పెట్టమాక." కారణం ఇదీ. చాలా పాత కార్లలో ఆ బల్బు సిగ్నల్ ఇవ్వడంతో ఆగదు. ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఆ బల్బు గుండానే ఆల్టర్నేటర్‌కి మొదటి కరెంట్ వెళ్తుంది. ఆ కరెంట్ వల్లే లోపల అయస్కాంత క్షేత్రం పుట్టి ఛార్జింగ్ మొదలవుతుంది. 3 వాట్ల బల్బు గుండా 12 వోల్టుల మీద 0.25 ఆంపియర్ వెళ్తుంది. అర వాట్ ఎల్ఈడీ అయితే 0.04 ఆంపియర్ మాత్రమే. అది సరిపోక ఆల్టర్నేటర్ మేల్కోకపోవచ్చు. బల్బు మాడిపోయినా ఇదే సమస్య: లైట్ రాదు, ఛార్జింగ్ కూడా కాదు. హెడ్‌లైట్లు, ఏసీ బ్యాటరీనే తినేస్తూ పోతాయి, దారి మధ్యలో బండి ఆగిపోతుంది. కొన్ని కార్లలో పక్కనే రెసిస్టర్ ఉంటుంది కాబట్టి ఈ బాధ లేదు. కానీ మన కారులో ఉందో లేదో తెలీనప్పుడు అక్కడ మామూలు బల్బే సేఫ్.

ఇండికేటర్ బాణం ఒకటే ఉన్న కార్లు. కొన్ని పాత కార్లలో ఎడమకీ కుడికీ కలిపి మీటర్‌లో ఒకటే లైట్ ఉంటుంది. అందులో కరెంట్ ఒకసారి ఇటు, ఒకసారి అటు వెళ్తుంది. మామూలు ఎల్ఈడీ ఒకవైపే వెలుగుతుంది. అక్కడా పాత బల్బే.

పెట్రోల్ తక్కువ లైట్. కొన్ని కార్లలో ఇది ట్యాంక్‌లోని థర్మిస్టర్‌తో వరసలో ఉంటుంది, బల్బు లాగే కరెంట్‌ని బట్టి పనిచేస్తుంది. ఎల్ఈడీ వేస్తే ట్యాంక్ ఫుల్‌గా ఉన్నా మసకగా వెలుగుతూ కూర్చోవచ్చు.

రంగు. పాత మీటర్లలో చాలావాటికి ఆకుపచ్చ రబ్బరు టోపీయో, లోపల రంగు ప్లాస్టికో ఉంటుంది. తెల్ల ఎల్ఈడీ అంటే నిజానికి నీలం చిప్ మీద పసుపు ఫాస్ఫర్ పూత. దాని వెలుగులో నీలం పాలు ఎక్కువ కాబట్టి ఆ పచ్చ ఫిల్టర్ గుండా వచ్చాక పాత రంగు రాదు. పచ్చ ఎల్ఈడీ వేస్తే ఎర్ర ముల్లు నల్లగా కనపడుతుంది, అసలు కనపడాల్సిందే ముల్లు. నా సలహా: వార్మ్ వైట్, తక్కువ వెలుగుది. బాగా మిరుమిట్లు గొలిపే నీలం, తెలుపు రంగులు షోకి బాగుంటాయి గానీ, చీకటికి అలవాటైన కంటిని పాడుచేస్తాయి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. డ్యాష్‌బోర్డ్ వెలుగు ఎక్కువైతే రోడ్డు పక్కన ఉన్న గేదె ఆలస్యంగా కనపడుతుంది.

నేను ఏసీ కంట్రోల్‌లో రెండూ, మీటర్ బ్యాక్‌లైట్‌లో రెండూ వార్మ్ వైట్ ఎల్ఈడీలు వేశాను. ఆయిల్ లైట్‌కి మామూలు బల్బే. అన్నీ కలిపి సత్తుపల్లి స్పేర్ పార్ట్స్ షాపులో రెండొందల లోపే అయ్యాయి.

కొనగానే టెస్ట్ చేసుకోండి

విప్పాక తెలిసే కంటే ముందే తెలిస్తే మంచిది. పాత వైఫై రూటర్ అడాప్టర్ ఉంటే చాలు. దాని మీద అవుట్‌పుట్ 12 వోల్టులు, డీసీ అని ఉండాలి. మల్టీమీటర్ వైర్ల లాంటి రెండు వైర్లతో బల్బు అడుగున ఉన్న తీగలకి తగిలించి చూడండి. ఎల్ఈడీ వెలగకపోతే ప్లస్, మైనస్ తిప్పి పెట్టండి. అప్పటికీ వెలగకపోతే అది చెడ్డది. పవర్ బ్యాంక్ మామూలుగా ఇచ్చేది 5 వోల్టులే కాబట్టి దీనికి పనికిరాదు.

కావాల్సిన సామాను

- 10 ఎం.ఎం. స్పానర్ (బ్యాటరీ టెర్మినల్‌కి)
- స్టార్ స్క్రూడ్రైవర్, పొడుగుది ఒకటి, పొట్టిది ఒకటి
- పాత ఏటీఎం కార్డ్ (ప్లాస్టిక్ లాక్‌లు ఊడదీయడానికి, స్క్రూడ్రైవర్ పెడితే గీతలు పడతాయి)
- సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్క
- పెన్సిల్ రబ్బరు
- స్క్రూలు వేసుకోవడానికి ఇడ్లీ ప్లేటు. ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూలు వేస్తే కలవవు.

ఏసీ కంట్రోల్ లైట్లు మార్చడం

1. తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయండి. స్టీరియోకి కోడ్ ఉంటే ముందే రాసి పెట్టుకోండి.
2. విప్పే ముందు, విప్పిన ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి. బిగించేటప్పుడు ఏ కనెక్టర్ ఎక్కడిదో మెదడుకి పని ఉండదు.
3. నాబ్‌లు సూటిగా వెనక్కి లాగితే వస్తాయి. గట్టిగా ఉంటే నాబ్ చుట్టూ పాత గుడ్డ చుట్టి లాగండి, ప్లయర్ వద్దు.
4. నాబ్‌ల వెనకో, స్టీరియో చుట్టూ ఉన్న ప్యానెల్ అంచునో స్క్రూలు ఉంటాయి. అవి తీశాక ప్యానెల్‌ని కార్డ్‌తో అంచు నుంచి మెల్లగా విడదీయండి. పాత ప్లాస్టిక్ చలికి పెళుసుగా ఉంటుంది, తెల్లవారుజామున కాకుండా కొంచెం ఎండెక్కాక చేయండి.
5. బల్బు హోల్డర్‌ని ఎడమవైపుకి పావు వంతు తిప్పితే బయటికి వస్తుంది. బల్బు సూటిగా లాగాలి. వేళ్లు దూరకపోతే వాల్వ్ ట్యూబ్ ముక్కని బల్బు మీదికి తొడిగి లాగండి. కొత్తది పెట్టడానికీ అదే పద్ధతి.

మీటర్ బోర్డ్ లైట్లు మార్చడం

1. మీటర్ పైన ఉన్న హుడ్‌కి సాధారణంగా పైన రెండు స్క్రూలు, కింద లాక్‌లు ఉంటాయి. స్టీరింగ్ ఎత్తు తగ్గించే వీలుంటే పూర్తిగా కిందికి దించండి.
2. హుడ్ తీశాక మీటర్‌ని పట్టుకున్న స్క్రూలు కనపడతాయి. తీసి మీటర్‌ని కొద్దిగా ముందుకి లాగండి. ఒక్కసారిగా లాగొద్దు, వెనకాల వైర్లు బిగుతుగా ఉంటాయి.
3. మారుతి 800 లాంటి కార్లలో స్పీడో కేబుల్ ఉంటుంది. మీటర్ వెనక చెయ్యి పెట్టి దాని ప్లాస్టిక్ క్లిప్ నొక్కి లాగాలి. కొత్త కార్లలో కేబుల్ ఉండదు, కనెక్టర్లు మాత్రమే.
4. మీటర్‌ని మెత్తటి టవల్ మీద బోర్లా పెట్టండి. ముళ్లని, ముందు అద్దాన్ని ముట్టుకోవద్దు.
5. వెనకాల పలుచటి ప్లాస్టిక్ షీట్ మీద రాగి గీతలు ఉంటాయి. వైర్ల బదులు ఆ గీతలే కరెంట్‌ని మోస్తాయి. అది చిరిగితే మీటర్ మొత్తం మార్చాల్సి రావచ్చు, కాబట్టి గోళ్లు తగలనీయకండి.
6. బల్బు హోల్డర్ పావు తిప్పు తిప్పి తీయండి. హోల్డర్ తగిలే రాగి చోటు నల్లగా ఉంటే పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్దండి. కొన్నిసార్లు బల్బు బాగానే ఉంటుంది, ఆ మకిలి వల్లే వెలగదు.
7. మొదట రాసి పెట్టుకున్న వార్నింగ్ బల్బులు కూడా ఇప్పుడే మార్చండి. బ్యాక్‌లైట్ ఒకటి పోయి ఉంటే మిగతావీ అదే వయసువి, అన్నీ ఒకేసారి మార్చేస్తే మళ్లీ విప్పే పని ఉండదు.

బిగించే ముందు

కనెక్టర్లు పెట్టి, బ్యాటరీ తగిలించి, పార్కింగ్ స్విచ్ వేయండి. ఎల్ఈడీ ఏదైనా వెలగకపోతే స్విచ్ ఆపి, బల్బుని తీసి అటూ ఇటూ తిప్పి పెట్టండి. తర్వాత తాళం ఆన్ చేసి వార్నింగ్ లైట్లన్నీ చూడండి. ఇంజిన్ స్టార్ట్ చేసి బ్యాటరీ లైట్ ఆరిందా, మల్టీమీటర్‌లో 13.8 పైన ఉందా చూడండి. అన్నీ సరిగ్గా ఉంటేనే స్క్రూలు బిగించండి. స్పీడో కేబుల్ క్లిక్ మనే దాకా తోయండి. పగలు ఒక చుట్టు తిరిగి స్పీడో ముల్లు కదులుతోందో లేదో చూడండి.

ఎప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లాలి?

ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో పసుపు రంగు కనెక్టర్లు కనపడితే వాటిని విప్పొద్దు, మల్టీమీటర్ పెట్టొద్దు. బల్బులు కాకుండా బోర్డ్ మీదే సోల్డర్ చేసిన ఎల్ఈడీలు ఉన్న మీటర్లకి సోల్డరింగ్ తెలిసినవాళ్లు కావాలి. ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలుగుతూనే ఉంటే బల్బు తీసేసి దాన్ని దాచడం మాత్రం అసలు చేయొద్దు, చేయించొద్దు. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు తాళం ఆన్ చేసి వార్నింగ్ లైట్లన్నీ వెలుగుతున్నాయో లేదో చూడమనేది కూడా ఇందుకే. అమ్మేవాడు బల్బు పీకేసి ఉండొచ్చు.

మన దగ్గర ప్రైవేట్ కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి ఉంటుంది. ఆ తర్వాత తనిఖీ చేయించుకుని ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి. అప్పుడు లైట్లు కూడా చూస్తారు. కానీ ఆ తారీఖు వచ్చేదాకా ఆగకండి. నెలకోసారి, చీకటి పడ్డాక ఇంటి ముందే రెండు నిమిషాలు చాలు. తాళం ఆన్ చేసి ఎర్ర లైట్లన్నీ లెక్కపెట్టండి, పార్కింగ్ స్విచ్ వేసి వెనక్కి వెళ్లి టెయిల్ ల్యాంప్స్ చూడండి. మీ కారు మోడల్, వెలగని లైట్ ఏదో కింద రాయండి, ఏ బల్బు పడుతుందో నాకు తెలిసినంతవరకూ చెప్తాను.